హాస్టల్ దాటని ఫోన్

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, డబ్బు పెట్టి కొన్న ఫోన్‌లో మన మాట చెల్లకపోవడం నాకు మహా అన్యాయంగా అనిపించేది. కంపెనీవాళ్ళు ముందే కుక్కి పంపిన యాప్‌లు తీసేద్దామంటే పోవు, ఒక్క ఫోటో తీస్తే చోటు లేదంటుంది. రూట్ చేస్తే, అంటే కంపెనీ వేసిన తాళం తీసేసి పెత్తనమంతా మన చేతిలోకి తెచ్చుకుంటే, ఈ బాధలు తీరతాయని ఆఫీసులో విన్నాను. విన్నదే తడవు చేసేశాను. చెత్తంతా పోయింది, బ్యాటరీ సాయంత్రం దాకా నిలిచింది. (బ్యాంకు యాప్ మాత్రం ఈ ఫోన్‌ను నమ్మనంటూ తెరుచుకోవడం మానేసింది. వారంటీ కూడా పోయిందట. ఆ వయసులో అవి లెక్కలోకి రావు.)

నిజం చెప్పాలంటే నాకు కావలసింది వేరే. నేనెక్కడున్నానో తెనాలిలో ఉన్న నాన్నకు చూపించే యాప్ ఒకటి నా ఫోన్‌లో ఉండేది. "ఆ ట్రాఫిక్‌లో బండి ముట్టుకున్నావంటే ఉద్యోగం మాన్పించి తీసుకొచ్చేస్తాను" అన్నది ఆయన షరతు. మా టీమ్‌లో మేమంతా అక్కా అని పిలిచే ఆవిడేమో లింగంపల్లిలో వాళ్ళింటి దగ్గర ఆదివారాలు నాకు స్కూటీ నేర్పుతోంది. అందుకని రూట్ చేసిన ఫోన్‌కు అబద్ధమాడడం నేర్పాను. నేనెక్కడ తిరిగినా అది మాదాపూర్ హాస్టల్లోనే ఉన్నానని చెప్పేది.

ఒక ఆదివారం నేను గోడను గుద్ది, వెనక కూర్చున్న అక్క మణికట్టు బెణికించాను. చున్నీతో ఆవిడ చెయ్యి కడుతుండగా హాస్టల్ ఆంటీ ఫోన్ చేసింది. "మీ నాన్నగారొచ్చారమ్మా. నువ్వు గదిలోనే ఉన్నావని ఫోన్ చూపిస్తున్నారు. నువ్వేమో లేవు."

గబగబా క్యాబ్ బుక్ చేశాను. కాసేపటికి డ్రైవర్ ఫోన్. "మేడం, హాస్టల్ గేట్ కాడ ఉన్న, మీరేడున్నరు? ఈడ ఒక పెద్దాయన గూడ మీ పేరే చెప్పి దేవులాడుతుండు."

నా ఫోన్ నాన్నకే కాదు, అడిగిన ప్రతివాళ్ళకూ అదే అబద్ధం చెబుతోందని అప్పుడు వెలిగింది. కంగారులో ఏదో నొక్కాను. ఫోన్ ఆగిపోయి, మళ్ళీ మొదలై, కంపెనీ బొమ్మ దగ్గర నిలబడిపోయింది. ఎంత నొక్కినా అదే బొమ్మ.

"నా ఫోన్ల నుంచి మీ నాయనకు చెయ్యి" అంది అక్క. చేస్తే ఎక్కడున్నావంటాడు, ఏం చెప్పనన్నాను. "ఇగ పరేషాన్ అయితే ఏమొస్తది? ఇంకో క్యాబ్ కోసం ఆగితే ఇంకా లేటయితది. నా చెయ్యి గిట్లుంది. నువ్వే నడుపు, నేను ఎన్క కూసుంట."

అంతవరకూ కాలనీ దాటి ఎరగను. పక్కనుంచి బస్సు వెళ్తే బండి దానంతటదే వణికేది (వణికింది నేనేనని అక్క అంటుంది). "బస్సును సూడకు, రోడ్డు సూడు. జర నెమ్మది." కొత్తగూడ సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతే వెనకవాళ్ళంతా హారన్లు మోగించారు. ఈ పూటతో నా ఉద్యోగం, ఊరు రెండూ అయిపోయాయని ఏడుస్తూనే నడిపాను.

గేటు దగ్గర నాన్న, ఆయన కదలనివ్వని క్యాబ్ డ్రైవర్ పక్కపక్కనే నిలబడి ఉన్నారు. హెల్మెట్ తీశాను. తిడతాడనుకున్నాను. ఆయన తన ఫోన్ నా ముందుకు చాపాడు.

"గది తాళం తీయించానమ్మా. నువ్వు లేవు. కాసేపటికి ఫోనూ ఆగిపోయింది." స్కూటీ వంక చూశాడు, నా వంక చూశాడు. "రోజూ పడుకోబోయే ముందు నువ్వు హాస్టల్లో ఉన్నావని చూసుకుని లైటు తీసేవాణ్ణి. ఇన్నాళ్ళూ దేన్ని చూసుకుని నిద్రపోయానంటావు?"



అక్కను అదే క్యాబ్‌లో దవాఖానాకు పంపాం. సాయంత్రం నాన్న బ్యాగ్ తీసుకుని, అక్క స్కూటీ వెనక ఎక్కి కూర్చున్నాడు. మెట్రో స్టేషన్ దాకా దారంతా, లేని బ్రేకును కాలితో తొక్కుతూనే ఉన్నాడు. దిగాక తన ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేశాడు. "బాగానే నడుపుతున్నావు. మలుపుల్లో కాస్త చూసుకో" అని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నేనెక్కడికెళ్ళినా ఎవరూ చూడరు. అంత తెలివి ఖర్చుపెట్టి ఆ రోజుల్లో నేను కోరుకున్నది ఇదే కదా అని నవ్వుకుంటాను. నవ్వుకుని, చేరగానే నాన్నకు ఫోన్ చేస్తాను.