వెనక లావు, ముందు సన్నం

ఆ రోజుల్లో మా దీవుల్లో అలసిపోని మనిషంటూ లేడు. సునామీ వచ్చి ఏడాది కావస్తున్నా, ఎవరిని చూసినా అప్పుడే బరువు దించి కూలబడినట్టు ఉండేవారు. నాకొక్కడికే ఓపిక మిగిలింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మావయ్య కారు మీద పెట్టాను. మిడిల్ పాయింట్‌లో ఆయనది ఇనుప సామాన్ల కొట్టు, ఆయన పాత కారుకి నేను డ్రైవర్ని. వెనక టైర్లు రెండూ అరిగి నున్నబడ్డాయి. కొత్తవి ఓడలో రావాలి, ఓడలో బియ్యానికీ రేకులకే చోటు చాలడం లేదు. మూలపడ్డ వ్యాను ఒకటుంటే దాని వెడల్పాటి చక్రాలు రెండు ఊడదీసి వెనక తగిలించాను. (పందెం కార్లకు అలాగే ఉంటాయని పత్రికలో బొమ్మ చూశాను. బొమ్మ కింద రాసింది చదవలేదు.)

"పీఛే మోటా, ఆగే పత్లా పెడితే ఎలా భయ్యా?" అన్నాడు మా వీధి మెకానిక్. "ఎనకవి రోడ్డుని పట్టుకుంటాయి, ముందువి జారిపోతాయి. మలుపులో బండి నీ మాట వినదు. నాలుగూ బరాబర్ ఉండాల."

నవ్వేసి బండి తీశాను. (చదువుకున్నవాణ్ణి మరి. ఇంటర్ రెండుసార్లు చదివాను.)

మా ఇల్లు సిప్పీఘాట్ అవతల. పొలాల్లోకి వచ్చిన సముద్రం మళ్ళీ వెనక్కి పోలేదు. అప్పటినుంచి అమ్మకి నీళ్ళంటే వణుకు. వైజాగ్‌లో పెద్దమ్మ దగ్గరికి పోతానని ఒకటే గోల. ఓడ ఎక్కదు. నాలుగు రోజులు లైన్లో నిలబడి విమానం టికెట్ సంపాదించింది. ఆ విమానం తప్పితే ఇక ఎప్పటికో.

విమానం రోజు బయల్దేరే ముందు అమ్మ ప్రార్థన కాస్త పొడుగైంది. పైన చినుకులు. లంబాలైన్ విమానాశ్రయానికి వేళ మించిపోతోందని తొక్కాను. నీళ్ళు నిలిచిన పొలాల దగ్గర మలుపు వచ్చింది. స్టీరింగ్ తిప్పాను. ముందు చక్రాలు తిరిగాయి గానీ కారు తిరగలేదు. ఇంకా తిప్పాను. మర్యాదగా, తిన్నగా వెళ్ళి పొలంలో దిగింది.

"ఏటైందిరా?" అంది అమ్మ, కాళ్ళ దగ్గర నీళ్ళు చూసుకుంటూ. కేకలు పెడుతుందేమోనని పట్టుకోబోయాను. ఆవిడ తలుపు తోసుకుని మోకాలి లోతు సముద్రంలోకి దిగి, చీర ఎగదోపి, "ఏటలా సూస్తావు, దిగి తొయ్యి" అంది. ఇద్దరం తోస్తూ ఉండగానే విమానం మా నెత్తి మీదుగా వెళ్ళిపోయింది.

అమ్మ తలెత్తి చూసింది. "మళ్ళీ లైన్లో నిలబడలేన్రా నాయినా. ఇంటికి పోదాం."

"నీళ్ళలో నిలబడ్డావమ్మా! భయం వెయ్యలేదా?"

"బయపడ్డానికైనా ఓపికుండాల గదరా."

అమ్మ మరి వెళ్ళలేదు. నా డ్రైవింగే ఆవిడ భయం పోగొట్టిందని ఏళ్ళ తరబడి ఊరంతా చెప్పుకు తిరిగాను. ఇప్పుడు ఆవిడ అప్పటి వయసు నాకొచ్చింది. సాయంత్రం మావయ్య కొట్టు మూసి మెట్టు మీద కూలబడితే, భయానికైనా ఓపికుండాలన్న ఆ మాట గుర్తొస్తుంది. అంత ఓపికతో ఊరంతా తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని, కూర్చున్న చోటే కాస్త నవ్వుకుంటాను.