బ్రేకుల్లో గాలి

బ్రేకులు బాగుచేయడం ఇద్దరు మనుషుల పని. పైపుల్లో కొత్త ఆయిల్ పోశాక లోపల ఎంతో కొంత గాలి ఉండిపోతుంది. ఆ గాలి ఉన్నంతకాలం పెడల్ మెత్తగా లోపలికి పోతుంది తప్ప బండి ఆగదు. దాన్ని తీయాలంటే ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర కూర్చుని నిపుల్ అనే చిన్న మర విప్పి, గాలి బుస్సుమని పోగానే మళ్లీ బిగించాలి. వన్ టౌన్‌లో మా ఆయన బ్రేకుల షాపు నడిపినన్నాళ్లూ ఆ సీట్లో ఎక్కువగా కూర్చున్నది నేనే. పనికి కుదిరినవాళ్లెవరూ నిలిచేవారు కాదు. షాపు పైనే మా అద్దె వాటా. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నా సరే, కింద నుంచి కేక వినపడితే దిగి వెళ్లి ఎవరిదో కారులో కూర్చునేదాన్ని. ఆయన “కొట్టు” అంటే కొట్టడం, “పట్టు” అంటే పట్టడం, “వదులు” అంటే వదలడం. మా కాపురంలో ఆయన చెప్పినవాటిలో నేను ఎదురు మాట్లాడకుండా విన్నవి ఆ మూడు మాటలే.

ఒంట్లో ఓపిక తగ్గాక షాపు అమ్మేసి, కైకలూరు వైపు కాలవ పక్కన రెండు చేపల చెరువులూ ఒక చిన్న ఇల్లూ కొనుక్కున్నాం. మాదనుకోవడానికి అదే మొదటి ఇల్లు. రోడ్డేమో కాలవగట్టు మీద, ఇల్లేమో కింద. బస్సు ఆగే చోటికి మైలు పైనే నడవాలి. నా మోకాళ్లు అప్పటికే అరిగిపోయి ఉన్నాయి. అందుకని మా ఆయన ఆటోనగర్‌లో మూలపడి ఉన్న గోల్ఫ్ కార్టు ఒకటి కొనుక్కొచ్చాడు. పెద్ద స్టేషన్లలో ముసలివాళ్లను ఎక్కించుకుని తిరిగే బ్యాటరీ కారు లాంటిదే. గేర్లుండవు, నీకూ తోలడం వచ్చేస్తుంది అని నన్ను ఆటపట్టించాడు. నెల తిరక్కుండానే నాకు నిజంగానే వచ్చింది.

ఆ బండిని ఆయన ఊరికే ఉండనిచ్చాడా? ఎత్తు పెంచాడు, బురదలో దిగబడకుండా లావు టైర్లు వేయించాడు, వెనక సీటు తీసేసి మేత బస్తాలకు ఇనప తొట్టి బిగించాడు. అంతా అయ్యాక తెలిసింది, అది ఆగడం లేదని. దాని పాత బ్రేకులు వెనక చక్రాలకే ఉన్నాయి, అవి చదునైన గడ్డి మీద తిరగడానికి చేసినవి. కాలవగట్టు మీంచి మా ఇంటికి దిగే దారి బాగా ఏటవాలు, దాని చివర మలుపు, మలుపులోనే చెరువు. ఒకరోజు బండి ఆగక అరటి బోదెల్లోకి దూర్చి ఆపాడు. బ్రేకుల షాపువాడి బండికి బ్రేకుల్లేవంటే నలుగురూ నవ్విపోతారని, పాత కారు డిస్క్ బ్రేకులు విప్పించి తెచ్చి ముందు చక్రాలకు పెట్టడం మొదలుపెట్టాడు. డిస్కులు బిగించాడు, వాటి పక్కన కాలిపర్లు కూర్చోవడానికి బ్రాకెట్లు లేతు మీద చేయించి వేశాడు. డిస్కును రెండు వైపుల నుంచీ నొక్కి పట్టి చక్రాన్ని ఆపేది ఆ కాలిపర్లే. అవీ, పైపులూ ఇంకా గోనెసంచిలో ఉండగానే, క్రిస్మస్ వెళ్లిన నెలకు, గుండెపోటుతో పోయాడు.

చెరువులు కౌలుకిచ్చేశాను. కౌలుదారు పొద్దున్నే వచ్చి మేత చల్లి వెళ్లిపోతాడు. ఆ తరవాత రోజంతా నేనూ, నీళ్లలో ఎగిరిపడే చేపల చప్పుడూ. కొన్నాళ్లు సాయంత్రం దాకా నోరు విప్పే పని పడేది కాదు. ఒకసారి ఫోన్ మోగితే ఎవరో పొరపాటున చేశారు. కాదండీ అని పెట్టేయడానికి మనసొప్పక, ఏ ఊరండీ మీది, ఎవరు కావాలండీ అని అడిగాను. అవతలావిడ పాపం ఓపికగా చెప్పింది. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే జాలేసింది.

అలాగని ఎక్కడికీ వెళ్లబుద్ధి కాలేదు. మా చెల్లి పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. పటమటలో అపార్ట్‌మెంట్‌లో ఒక్కతే ఉంటుంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేసి, వచ్చెయ్యక్కా, గది ఖాళీగానే ఉంది అనేది. పడితే ఎవరు చూస్తారంది, గ్యాస్ బండ ఎలా తెచ్చుకుంటావంది, రోడ్డెక్కడానికే నీకు గంట పడుతుందంది. అన్నీ నిజాలే. అందుకే నాకు కోపం వచ్చేది. ఇంకొకరి వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందని అడుగుతూ మిగతా బతుకు గడపడం నావల్ల కాదు. బండి నడిస్తే నాకెవరి అవసరమూ లేదన్నాను. ముందు అది ఆగాలి కదా అంది.

పంతం పట్టి గోనెసంచి విప్పాను. కాలిపర్లు బిగించాను, పైపులు కలిపాను, ఆయిల్ పోశాను. షాపు చూసిన కళ్లు కదా, చేతులకు ఎక్కడో గుర్తుంది. గాలి తీసే దగ్గర ఆగిపోయాను. వెదురు కర్రను సీటుకీ పెడల్‌కీ మధ్య ఇరికించి చక్రం దగ్గరికి పరుగెత్తాను. పరుగంటే నా మోకాళ్ల పరుగే. నేను వెళ్లేలోగా కర్ర జారిపోయేది. నాలుగైదు సార్లు చూసి కర్రను చెరువులోకి విసిరేశాను. పెడల్ మీద కాలు పెట్టడానికి ఒక మనిషి కూడా లేని బతుకైపోయిందని ఆ రోజు గట్టిగానే ఏడ్చాను.

ఆ వారం చెల్లి వచ్చింది, నా చీరలు సర్దడానికి పెద్ద ఖాళీ సంచితో. ఒక ఒప్పందానికొచ్చాం. బ్రేకులు పడితే నేను ఉంటాను, మళ్లీ రమ్మని అడగకూడదు. పడకపోతే ఇంటికి తాళం వేసి ఆ సాయంత్రమే తనతో వెళ్లిపోతాను. సరేనని తనే సీట్లో కూర్చుంది.

కొట్టు, పట్టు, వదులు. నిపుల్ విప్పితే ఆయిల్ చిమ్మేది, పెడల్ మాత్రం మెత్తగానే ఉండేది. అటు చక్రం, ఇటు చక్రం, మళ్లీ అటు. డబ్బాలో ఆయిల్ అడుక్కొచ్చింది, నా నడుం విరిగిపోతోంది. ఇక చాలేమో చూడు, గట్టిపడిందా అన్నాను. లేదక్కా, అడుగు దాకా పోతోంది అంది. మట్టిలో అలాగే చతికిలబడ్డాను. సరే పద, చీరలు సర్దుకుంటానన్నాను.

చెల్లి సీట్లోంచి దిగి, నా పక్కన గొంతుకూర్చుని, చక్రం లోపలికి తొంగిచూసింది.

“గాలి ఎటు పోద్దక్కా, పైకా, కిందికా?”

“పైకే. ఎందుకే?”

“మేం సూది మొన పైకి పెట్టి గాలి వదుల్తాం. కిందికి పెడితే మందు కారిపోద్ది గానీ గాలి పోదు. నీ నిపుల్ కింద ఉందేంటి?”

చూశాను. కాలిపర్లు ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ బిగించాను. నిపుల్ పైకి ఉండాల్సింది కిందికి తిరిగిపోయింది. గాలంతా పైన హాయిగా కూర్చుంటే నేను కింద నుంచి ఆయిల్ తోడేస్తున్నాను. అన్నేళ్లూ నేను చూసింది పెడల్ వైపు నుంచే. చక్రం దగ్గర ఏది పైకి, ఏది కిందికి అని ఏనాడూ వంగి చూసింది లేదు.

విప్పి, మార్చి బిగించాం. ఫోన్ చేస్తే కౌలుదారు మోటార్ సైకిల్ మీద వెళ్లి ఇంకో డబ్బా ఆయిల్ తెచ్చిపెట్టాడు. ఈసారి నిపుల్ విప్పగానే బుడగలు బుడగలుగా గాలి వచ్చింది, తరవాత ఒట్టి ఆయిల్. సీట్లోంచి చెల్లి, “గట్టిపడిందక్కా,” అంది. మెల్లగా అంది.

గట్టు మీంచి దింపేటప్పుడు వద్దంటున్నా వినకుండా నా పక్కన కూర్చుంది. మునిగితే ఇద్దరం మునుగుదాంలే అంది. సగం దారిలో తొక్కాను. ఇద్దరం ముందుకు తూలాం. బండి ఏటవాలు మీద కదలకుండా నిలబడింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన ఉంటే ఊరంతా తిప్పి చూపించేవాడు.

సాయంత్రం ఆ బండి మీదే చెల్లిని బస్సు దగ్గర దింపాను. ఖాళీ సంచి మడిచి ఒళ్లో పెట్టుకుంది. బస్సు రావడం ఆలస్యమైంది. ఉండబట్టలేక అడిగాను.

“నువ్వు చూసీ చూడనట్టు ఊరుకుంటే ఇవాళ నీతో వచ్చేదాన్ని కదే.”

“తెలుసు. ఊరుకుందామనే అనుకున్నా కాసేపు,” అంది. సంచిని ఇంకో మడత మడిచి, “నీకని మంచం కూడా కొన్నానక్కా. ఈ మధ్య టీవీ కట్టేస్తే నిద్ర పట్టట్లేదు నాకు,” అంది.

అంతలో బస్సు వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది, చెయ్యి ఊపింది. ఇన్ని నెలలూ నా కోసమే అడుగుతోందనుకున్నాను. తను నన్ను అన్నిసార్లు రమ్మంది కదా, నువ్వే వచ్చి ఇక్కడ ఉండవే అని నేను ఒక్కసారి కూడా అనలేదని, బస్సు వంతెన దాటిపోయాక తట్టింది. ఫోన్ చేద్దామని తీశాను. మళ్లీ అడగకూడదని షరతు పెట్టిన నోటితో ఏమని మొదలుపెట్టాలో తెలియక, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.