కార్డు మీద మా ఊరు

నా పెళ్లి మాటలు జరిగేనాటికి హైదరాబాదు మామూలుగానే ఉంది. శుభలేఖలు అచ్చయ్యేసరికి మాత్రం అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం రాజుకుంది.

మాది కృష్ణా జిల్లా. సచివాలయం కర్నూలు నుంచి ఇక్కడికి తరలినప్పుడు నాన్నగారూ వచ్చి అశోక్ నగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పెళ్లికొడుకు వాళ్లది చిక్కడపల్లి, తాతల నాటి నుంచీ ఈ ఊరే. అతని చెల్లెలూ నేనూ నారాయణగూడలో ఒకే కాలేజీలో చదివాం. తిరిగొచ్చేటప్పుడు వాళ్లింట్లో ఆగి సకినాలు తినడం నాకు అలవాటు. ఆ రాకపోకల్లోనే వాళ్లమ్మకు నచ్చాను. సంబంధం ఆవిడే అడిగింది.

శుభలేఖ ఎంచుకోవడానికి నారాయణగూడ సందులో ఉన్న ప్రెస్సుకు అందరం కలిసి వెళ్లాం. నాన్నగారు మీగడ రంగు కార్డు బాగుందన్నారు. కాబోయే మామగారు గులాబీ రంగు దాని మీద చెయ్యి వేశారు. చివరికి ఇద్దరూ నన్నే తీసుకోమన్నారు. లేత పసుపు మీద ఎర్రటి అక్షరాలు, పైన చిన్న వినాయకుడు ఉన్న కార్డు తీశాను. నాన్నగారు అక్కడే కూర్చుని, తన పేరు కింద కృష్ణా జిల్లా అనీ, మా ఊరి పేరూ, 'వాస్తవ్యులు' అనీ రాసిచ్చారు. నవ్వుకుంటూ ఇళ్లకు వచ్చాం.

ఆ తర్వాత రోజులు మారిపోయాయి. కాలేజీలు మూతపడ్డాయి. మా వీధి గోడ మీద బొగ్గుతో 'ఆంధ్రోళ్లు వాపస్ పోవాలె' అని రాశారు. పక్కింటి కిటికీ అద్దం రాయి తగిలి పగిలింది. అమ్మ మమ్మల్ని గుమ్మంలో నిలబడి గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు. మా యాస వీధిలోకి వినబడుతుందని.

అలాంటి ఒక సాయంత్రం మామగారు ఒక్కరే వచ్చారు. నేను తలుపు వెనక ఉన్నాను.

"బావగారు, ఏమనుకోకుండ్రి. పెండ్లి పత్రికల మీ ఊరి పేరు ఒక్కటి తీసేద్దాం. టైం మంచిగ లేదు. అది ఎవరి చేతుల వడ్తదో ఏమో. రేపు మీ ఇంటి మీదికే వస్తరు."

నాన్నగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. "చిక్కడపల్లి ఉంటుందా కార్డు మీద?"

"ఉంటది."

"మరి మా ఊరెందుకు పోవాలి? నేనేమన్నా దొంగచాటుగా చేస్తున్నానా పిల్ల పెళ్లి?"

"గట్ల కాదు బావగారు, మీ మంచికే..."

"ఊరు చెప్పుకోలేనివాడి పిల్ల మీకు మాత్రం ఎందుకండీ?"

ఆ మాటకు మామగారు లేచారు. చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటారు. ఆయన కాఫీ ముట్టుకోలేదు. నాన్నగారు ఆ రాత్రి భోజనానికి రాలేదు. అటు నుంచి కబురు లేదు, ఇటు నుంచి ఎవరూ వెళ్లలేదు. కొన్న పెళ్లి చీరలను అమ్మ మళ్లీ కాగితాల్లో చుట్టి పెట్టెలో పెడుతుంటే, ఎందుకని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఒక బంద్ రోజు పొద్దున్న, నాన్నగారు ఆఫీసుకు వెళ్లాక, కాబోయే అత్తగారు గొడుగు వేసుకుని వచ్చింది.

"నడువ్ బిడ్డా, ప్రూఫు తయారైందట. చూసొద్దాం."

"ఇవాళ బంద్ కదా వదినగారూ!" అంది అమ్మ.

"ఇద్దరు మొగోళ్లు మూతులు ముడుచుకోని కూసుంటే లగ్నం ఆగుతదా వదినా? పిల్లను నేను తోల్కపోయి నేనే తోల్కొస్త."

దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ప్రెస్సు షట్టరు సగం దించి లోపల పని చేసుకుంటున్నారు. అత్తయ్య ప్రూఫు నా చేతికిచ్చి పైకి చదవమంది. మా ఊరి పేరు దగ్గర ఆగాను.

"చదువు. తప్పేమన్న రాసిండ్రా?"

"లేదు అత్తయ్యా."

"గట్లైతె ఉండని." ప్రెస్సాయనతో "గిట్లనే కొట్టుండ్రి" అంది. ప్రూఫు మడిచి చేతిసంచిలో పెట్టుకుంది.

చిక్కడపల్లి వైపు తిరిగేసరికి రోడ్డుకు అడ్డంగా టైర్లు కాలుతున్నాయి. కుర్రవాళ్ల గుంపు నినాదాలిస్తోంది. వెనక్కి పోదామంటే అటు పోలీసు వ్యాన్లు. "నువ్వు నోరు తెరవకు" అని అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజు ఒకటి చిట్లింది.

ఒకతను ఎదురొచ్చాడు. "యాడికమ్మా, బంద్ నాడు? సంచిల ఏముంది?"

"నా కొడుకు పెండ్లి పత్రిక."

అతను కాగితం తీసుకుని చదివాడు. మా ఊరి వరుస దగ్గర అతని చూపు ఆగడం నాకు కనిపించింది. వెనక ఎవరో "ఏందన్నా?" అంటూ దగ్గరికొచ్చారు. అతను నా వైపు తిరిగాడు. "ఈమేనా పెండ్లిపిల్ల? ఏ ఊరు మీది?"

అత్తయ్య నాకు అడ్డంగా జరిగింది. "నన్నడుగు బిడ్డా. దానిది కృష్ణా జిల్లా. రేపటి సంది నా ఇల్లు. ఇంకేం గావాలె?"

టైరు పొగకు నా కళ్లు మండుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. అతను కాగితం చింపుతాడనుకున్నాను. మడత పెట్టి ఆవిడ చేతిలోనే పెట్టాడు. "జల్దీ పొండ్రి. రోడ్డు మీద వద్దు, ఆ సందుల నుంచి పొండ్రి. ఇప్పుడు లాఠీచార్జి అయితది" అన్నాడు.

సందు మలుపు తిరగకముందే వెనక విజిల్స్, పరుగులు, కేకలు. అత్తయ్య ఎవరిదో తలుపు బాదింది. తీసినవాళ్లు మాటైనా అడగకుండా లోపలికి లాక్కుని మంచినీళ్లిచ్చారు. అత్తయ్య ముందు నా చిట్లిన గాజు తీసి, మణికట్టు తుడిచింది.

సంగతంతా సాయంత్రం నాన్నగారికి తెలిసింది. మర్నాడు ఆయనే ప్రెస్సుకు వెళ్లి, మా ఊరి వరుస తీయించేశారు. "ఆడవాళ్లను రోడ్డు మీద నిలబెట్టిన పంతం నాకొద్దు" అన్నారు అమ్మతో.

అచ్చయిన కార్డులు చూసి అత్తయ్య మండిపడింది. తన వాటా కట్టలు ముందేసుకుని, మామగారి చేతికి కలం ఇచ్చింది. ఆ ఇంట్లో గుండ్రటి దస్తూరి ఆయనదే. ఆయన ఎదురు చెప్పకుండా, తాము పంచాల్సిన ప్రతి కార్డు మీదా నాన్నగారి పేరు కింద మా జిల్లా, మా ఊరు ఎర్ర సిరాతో రాశారు. అందులో ఒకటి మా వీధిలో ఒకరింటికి వచ్చింది. వాళ్లు చూపిస్తే నాన్నగారు దాన్ని తెచ్చుకుని, ఆ సాయంత్రమే చిక్కడపల్లి నడిచి వెళ్లారు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తిరిగొచ్చేటప్పుడు మామగారు నాన్నగారి వెంట మా ఇంటి దాకా వచ్చి, లోపల కూర్చుని కాఫీ తాగారు.

పెళ్లి మా డాబా మీదే, బ్యాండు లేకుండా జరిగింది. రైళ్లు సరిగా నడవక ఊరి నుంచి మావాళ్లు కొందరే రాగలిగారు. చిక్కడపల్లి వాళ్లు మాత్రం పిల్లా పాపలతో తరలివచ్చి, వంటవాడు రాకపోవడంతో తామే గరిటెలు పట్టారు. అప్పగింతల వేళ అమ్మ ఏడుస్తుంటే అత్తయ్య ఆమె పక్కన కూర్చుని, "ఏడుపెందుకు వదినా, పది నిమిషాల నడక. రోజూ పంపిస్త" అంది. అన్నట్టుగానే పంపింది కూడా.