మైకు లేని మీటింగు

1956 మొదట్లో సంగతి. ఆంధ్ర రాష్ట్రానికి అప్పటికింకా మా కర్నూలే రాజధాని. ఆదోనిలో రైల్వే స్టేషనుకు పోయే దారిలో నాకొక మైకుసెట్టు అంగడి ఉండేది. సామానంతా కలిపి ఒక మైకు, రెండు హారన్లు, ఒక కారు బ్యాటరీ, ఒక యాంప్లిఫయరు. యాంప్లిఫయరంటే గొంతును పెద్దది చేసే పెట్టె. దాని లోపల గాజు వాల్వులుంటాయి. అవి వేడెక్కేదాకా సాక్షాత్తు మంత్రిగారు వచ్చి నిలబడినా మాట బయటికి రాదు. పెళ్ళిళ్ళు, ఉరుసులు, నాటకాలు, ఎన్నికల సభలు, అన్నిటికీ నేనే. ఎమ్మిగనూరు, నందవరం దాకా ఎద్దులబండి మీద సెట్టు వేసుకుని పోయేవాణ్ణి. ఊళ్ళో నా పేరు మైకు బాషా. అసలు పేరు పెట్టి పిలిస్తే నేనే పలికేవాణ్ణి కాదు.

ఈ పనిలో బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. మైకు కట్టడం ఏమంత గొప్ప కాదు, పర్మిషన్ తేవడం గొప్ప. సబ్ ఇన్‌స్పెక్టరు సంతకం లేకుండా హారన్ మోగిందంటే సెట్టు జప్తు, లైసెన్సు గోవిందా. అందుకని నేను స్టేషన్లో కానిస్టేబులు మొదలుకొని అందరికీ సలాం కొట్టేవాణ్ణి. ఇంట్లో నలుగురు పిల్లలున్నవాడికి పౌరుషం ఎక్కడిది!

పత్తి సీజన్ మొదలు కాబోతుండగా సుంకమ్మ నా అంగడికి వచ్చింది. జిన్నింగ్ మిల్లులో పనిచేసే మనిషి. జిన్ను అంటే పత్తిలోంచి గింజను విడదీసే యంత్రం. ఆ జిన్నులకు పత్తి అందించేది ఆడవాళ్ళే, వరుసగా కూర్చుని. పోయిన సీజన్లో ఒక పెళ్ళికి మైకు బేరం మాట్లాడడానికి ఆ మిల్లులోకి పోయాను. అబ్బబ్బ, ఏం మోత అది! బయటికి వచ్చాక కూడా చాలాసేపు చెవుల్లో జోరీగలు తిరిగాయి. లోపల పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. అయినా ఆ ఆడవాళ్ళ ముచ్చట్లు ఆగలేదు. పెదాలు కదిలించి, వేళ్ళు తిప్పి, కనుబొమలెగరేసి, ఆ కొస నుంచి ఈ కొసకు అత్తల మీద చాడీలతో సహా అన్నీ చెప్పుకుంటున్నారు. చూసి నవ్వుకుని వచ్చేశాను.

సుంకమ్మకు వచ్చిన కష్టం ఇది. పాలు తాగే బిడ్డల్ని మిల్లులోకి రానివ్వరు. అందుకని ఆమె, తోటివాళ్ళు కలిసి మహిళా సంఘమని ఒకటి పెట్టుకున్నారు. మిల్లు పక్కన సర్కారు జాగాలో ఉన్న పాత రేకుల షెడ్డులో చీరె ఉయ్యాలలు కట్టి, మరెమ్మవ్వ అనే ముసలామెను బిడ్డలకు కాపలా ఉంచారు. ఆ షెడ్డుకు తాలూకాఫీసు వాళ్ళు తాళం వేశారు. రిజిస్టరు కాని సంఘం సర్కారు జాగాలో మీటింగులు పెడుతోందట. సరే, రిజిస్టరు చేయండని పోతే, ఆడవాళ్ళ సంఘం కాబట్టి భర్తలు ఒప్పుకున్నట్టు సంతకాలు తెమ్మన్నారట.

"నా మొగుడు సచ్చి ఐదేండ్లాయెనన్నా. సంతకం కోసరం యాడికి పోయేది, నువ్వే సెప్పు?" అంది సుంకమ్మ.

ఆడవాళ్ళకు ఆస్తిహక్కు ఇవ్వాలని ఢిల్లీలో వాదోపవాదాలు జరుగుతున్న రోజులవి. మా ఆదోనిలో రేకుల షెడ్డుకు పోయిన మొగుడి సంతకం కావలసి వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"సోమారం మిల్లు తెరుస్తాండారు. షెడ్డు లేకుంటే బిడ్డతల్లులు పనికి రాలేరు. రాకుంటే ఇంట్లో పొయ్యి ఎలగదు. అందరము ఒగ కాడ కూడి ఏం సేసేదో తేల్చుకోవల్ల. మైకు కట్టన్నా" అంది.

పర్మిషన్ కోసం స్టేషనుకు పోయాను. ఎస్సై కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చిన మనిషి. చెడ్డవాడని అనలేను.

"కుదరదయ్యా బాషా. ఆ సంఘం పేరు మీద సభ, ఉపన్యాసం, నినాదం, ఊరేగింపు, మైకు, ఏదీ పనికిరాదని పైనుంచి ఆర్డరు. నువ్వు మూరెడు వైరు ఇచ్చినా సరే, నీ సెట్టు వచ్చి నా బల్ల మీద కూర్చుంటుంది" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. బందిపోట్లా వాళ్ళు? పసిబిడ్డల తల్లులు. కానీ మనసులోనే మండింది, నోట్లోంచి "అట్లాగే సార్" అనే వచ్చింది.

ఆ మాట చెబితే సుంకమ్మ కోప్పడలేదు. కాసేపు నా హారన్ల వైపు చూసింది. "అన్నా, సంత నాడు నీకేమన్నా పని ఉందా?" అని అడిగింది.

"మునిసిపాలిటీ వాళ్ళది. మశూచి టీకాలు వేయించుకోండని చెప్పాల."

"ఔనా! అట్లయితే ఆ పొద్దు బాగా గట్టిగా పెట్టన్నా" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. ఏం మనిషిరా ఈమె అనుకున్నాను.

సంత రోజు బండి మీద హారన్లు కట్టి, మునిసిపాలిటీ వాళ్ళు రాసిచ్చింది మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. ఎస్సై పొద్దున్నుంచి నా పక్కనే నిలబడ్డాడు. సుంకమ్మ వచ్చి మైకు లాక్కుంటుందేమోనని ఆయన భయం. చెప్పొద్దూ, నాకూ అదే భయం.

మిల్లు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. బుట్టల్లో మిరపకాయలు, ఉల్లిగడ్డలు. ఎండకు అలిసినవాళ్ళలాగా వచ్చి సరిగ్గా నా హారన్ల కింద, బండ్ల నీడన కూర్చున్నారు. సంగటి మూటలు విప్పారు. ఎదురుగా ఒక గోనె బస్తా మీద సుంకమ్మ కూర్చుంది. పైన హారన్లు టీకాలు, టీకాలు అని చెవులు పగిలేటట్టు మోగుతున్నాయి. కింద సుంకమ్మ పెదాలు కదులుతున్నాయి. వేళ్ళు తిరుగుతున్నాయి. వెనక వరుసలో ఒకామె కనుబొమలు పైకెత్తింది, సుంకమ్మ తల ఊపి రెండు చేతులతో ఉయ్యాల ఊపినట్టు చూపింది. అందరి ముఖాల్లో నవ్వు పాకింది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. మీటింగు జరుగుతోంది! సర్కారు ఆపిన మీటింగు, సర్కారు వారి టీకాల మోత కిందనే! ఆ కంగారులో కాగితంలో ఒక వరుస చదవకుండా దాటేశాను.

ఉన్నట్టుండి ఆడవాళ్ళంతా ఒకేసారి చేతులెత్తారు.

"ఏమిటయ్యా ఆ చేతులెత్తడం?" అన్నాడు ఎస్సై.

"టీకాలు వేయించుకుంటామంటున్నారేమో సార్" అన్నాను. అంతకంటే నాకేం తెలుసు? ఏం తీర్మానం చేశారో ఆ భాష రాని నాకు దేవుడి తోడు తెలియదు.

సోమవారం పొద్దున కానిస్టేబులు వచ్చి తాలూకాఫీసుకు రమ్మన్నాడు. నా పని అయిపోయిందనుకుంటూ పోయాను. పోయి చూస్తే ఏముంది! ఆఫీసు వసారా దూలాలకు ఈ చివర నుంచి ఆ చివర దాకా చీరె ఉయ్యాలలు. ఎర్రవి, పచ్చవి, అతుకులు వేసినవి. ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్క బిడ్డ. నడుమ మరెమ్మవ్వ రెండు చేతుల్లో రెండు తాళ్ళు పట్టుకుని ఊపుతోంది. తహశీల్దారు గుమ్మంలో నిలబడిపోయాడు. బయటికి రావాలంటే బిడ్డల్ని దాటాలి.

"ఎవరి పిల్లలమ్మా వీళ్ళు?" అని అక్కడి నుంచే అడిగాడు.

"మిల్లుకు పోయినోళ్ళ బిడ్డలు సామీ."

"ఇక్కడెందుకు కట్టారు?"

"షెడ్డుకు మీరు బీగమేస్తిరి గదా. బీగంచెవి ఈడ ఉండాదంటే బిడ్డల్నీ ఈడికే తెస్తిమి. తమరి కాడుంటే మాకేమీ దిగులు ల్యా" అంది అవ్వ, చల్లగా.

నాకంటే ముందే వచ్చి ఉన్న ఎస్సై ఆర్డరు కాగితం తీశాడు. సభా? ముసలామె ఒక్కతే ఉంది. ఊరేగింపా? ఒక్కొక్కరే వేరువేరు దారుల్లో వచ్చి, ఉయ్యాల కట్టి, బిడ్డను పడుకోబెట్టి పోయారని జవాను చెప్పాడు. ఎస్సై నా వైపు తిరిగాడు.

"సంతలో నువ్వున్నావు కదా. ఆ సుంకమ్మ ఉపన్యాసం ఇచ్చిందా?"

"తమరూ నా పక్కనే ఉన్నారు కదా సార్. నా చెవిన ఒక్క మాట పడలేదు" అన్నాను. ఇంత నిజం నేను ఆ స్టేషన్ వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే ఒక బిడ్డ ఏడుపు లంకించుకుంది. దాన్ని చూసి పక్కది, దాన్ని చూసి ఇంకొకటి. వసారా అంతా గోల. లోపల గుమాస్తాలు కలాలు కింద పెట్టేశారు. తహశీల్దారు చెవులు మూసుకుని, "ఎస్సై గారూ, ఇది నినాదం కిందికి వస్తుందంటారా?" అన్నాడు. ఎస్సై ఆపుకోలేక నవ్వేశాడు. పాలిచ్చే వేళకు తల్లులు వచ్చేసరికి జవాను తాళంచెవి పట్టుకుని షెడ్డు దారిలో ముందు నడుస్తున్నాడు. వెనక ఒక్కో బిడ్డను ఒక్కో గుమాస్తా మోస్తున్నాడు.

షెడ్డుకు తాళం మళ్ళీ పడలేదు. సంఘం మీద ఆర్డరు మాత్రం మరుసటి సీజన్ దాకా పోలేదు. అది పోయాక సుంకమ్మా వాళ్ళకు తొలి సభకు పర్మిషన్ దొరికింది. అద్దె వద్దని నేనే వెళ్ళి మైకు కట్టాను.

సుంకమ్మ మైకు ముందు నిలబడింది. పెదాలు కదిలించింది. శబ్దం రాలేదు. వైరు లాగి చూశాను, వాల్వులు చూశాను, మైకును తట్టాను. టకటకమని బాగానే మోగింది. ఆమె పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అప్పుడు సుంకమ్మ మైకు దగ్గరికి వంగి, ఊరంతా వినేటట్టు అంది:

"నీ మైకు బాగుందిలే బాషన్నా. మావోళ్ళందరికీ ఇనపడింది. నీకొక్కనికే ఇనపడలేదు."

ఆ తర్వాత ఎందరో పెద్దవాళ్ళ సభలకు మైకు కట్టాను. హలో హలో అని పరీక్షించి ఊరుకోవడం మాత్రం ఆ రోజుతో మానేశాను. సభ మొదలవగానే సెట్టు వదిలి వెనక వరుసకు పోయి, ఆడవాళ్ళ ముఖాలు చూస్తాను. అక్కడ పెదాలు కదులుతుంటే అసలు మీటింగు అదేనని నాకు తెలుసు.