అమ్మ దిమ్మిసకు కొత్త కర్ర

మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. చోడవరంలో నా మాట నమ్మేవాళ్లు తక్కువని నాకూ తెలుసు. గోవాడ ఫ్యాక్టరీ పొగలో ఏనుగు నడిచిందని చెప్పింది నేనే. ఇది అలాంటిది కాదు.

చీడికాడ వైపు రిజర్వాయరు కట్టినప్పుడు పనివాళ్లంతా ఉన్న కేంపు కాలనీలో, ఈమధ్య రెండు క్వార్టర్లు కలిపి మ్యూజియం పెట్టారు. ఆ గట్టు మీద మట్టి అణిచిన ఆడవాళ్లలో మా అమ్మ ఒకతె. మట్టి గట్టిపడేలా కొట్టే ఇనప దిమ్మిస, దానికి నిలువు కర్ర, ఇన్నేళ్లూ మా అటక మీదే ఉండేవి. వాటిని మ్యూజియానికిచ్చేసి, నెల తర్వాత చూసొద్దామని నా బండెక్కింది.

ఎర్రగుడ్డ మీద నిలబెట్టిన దిమ్మిస కర్రను పట్టుకుని, వెంటనే వదిలేసింది.

“ఒరే, ఇది నాది కాదురా.”

“కింద నీ పేరే రాసేరు కదమ్మా.”

“పేరుదేటుంది? నా కర్ర సేతులు పట్టేకాడ అరిగి సన్నమైపోనాది. దీన్ని సూడు, ఎలాగుందో!”

పాత సామాను కొనేవాళ్లు వైజాగు నుంచి కార్లలో తిరుగుతున్నారని విన్నాను. మ్యూజియం చూసుకునే పెద్దాయన, అదే డ్యాము మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాడు, అడక్కుండానే మాకు టీ తెప్పించాడు. అడక్కుండా టీ పోసేవాణ్ణి నేను నమ్మను. అందులోనూ అల్లం టీ. తాగుతూ ఆయన్ను పైనుంచి కిందికి చూశాను. కాళ్లకు కొత్త చెప్పులు. గోళ్లలో వార్నిషు.

“అసలుదెక్కడ బాబూ?” అన్నాను.

“ఇదే అసలుది.”

“మరి కర్ర?”

ఆయన ముఖం వెలిగిపోయింది. “చూసేరా! పాతది అరిగిపోయి, చెమటకి నల్లబడిపోయిందమ్మా. వచ్చినవాళ్లు మన డ్యాము గురించి ఏటనుకుంటారు? టేకుది నేనే చెక్కించేను. వార్నిషు కూడా నా చేత్తోనే కొట్టేను.”

అరిగిన పనిముట్టు కంటపడితే బాగుచేయించకుండా ఉండలేకపోవడం ఆయనకు ఉద్యోగంలో అంటుకున్న జబ్బు.

“పాతదేటి సేసేరు?” అంది అమ్మ, మెల్లగా.

పెరట్లోకి తీసుకెళ్లాడు. చిక్కుడు పందిరికి గుంజగా పాతి ఉంది. అమ్మ పట్టుకుంది. రెండు చేతులూ వాటి చోట్లు వెతుక్కుని కూర్చున్నాయి. తీగ తెగకుండా విప్పి, కర్ర పీకి, లోపల పెట్టించాం.

ఇక్కడ ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను. చిక్కుడు పందిరి నేను నోటితో అల్లిందే. ఆ పెరట్లో ఉన్నది నీళ్లు కాచుకునే పొయ్యి. కర్ర ఎప్పుడో అందులోకి పోయిందని చూపించి పెద్దాయన తలదించుకున్నాడు. నేను నోరు చేసుకోబోతే అమ్మ చెయ్యడ్డం పెట్టింది. లోపలికెళ్లి, కొత్త కర్ర పట్టి దిమ్మిసనెత్తి, నేల మీద ఒక్క దెబ్బ వేసింది.

“వార్నిషు జారతంది బాబూ, గీకించెయ్యండి. మళ్లీ వారం వస్తాను. దీనికీ సెయ్యి అలవాటవ్వాల గదా.”