హీటర్ మీద అనుమానం

ఊటీకి పోదామంటే, కారులో హీటర్ పనిచేస్తేనే వస్తానని మా ఆవిడ షరతు పెట్టింది. మా ముసలి కారు హీటరేమో నిద్రపోతున్న చీమ ఊపిరంత వేడి వదులుతుంది. లోపలి సామాను ఆళ్లగడ్డ మెకానిక్ ఎప్పుడో ఊడబీకి అమ్ముకున్నాడని నాకు గట్టి అనుమానం. నంద్యాల నుంచి పోలీసు చూపుతో పోయి నిలదీశాను.

"సామాను యాడికీ పోలేదప్పా. ఎండాకాలం లోపలికి వేడి కొడ్తాందని, హీటర్‌కు పోయే వేడినీళ్ల పైపును అందరి బండ్లకూ క్లిప్పుతో నొక్కేస్తాం. నీదీ నొక్కినా," అంటూ క్లిప్పు తీసేశాడు.

హీటర్ ఆపకుండా, కాలవలా చెమట కారుస్తూ మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. మా ఆవిడ కారులో చెయ్యి పెట్టి చూసింది.

"ఇది హీటర్ వేడో, నంద్యాల ఎండో ఎట్ల నమ్మేది? తెల్లారుజామున చలిలో చూసినాకనే పెట్టె సర్దుతా."