మీనాక్షి కాదు, మా నిర్మలక్క

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది.

"మీనాక్షి పేషెంట్ తాలూకానా? జర జల్ది రావాలె మేడం. పేషెంట్ ఎక్స్‌పైర్ అయింది."

రాంగ్ నంబర్ అని చెప్పి పెట్టేశాను.

పెట్టేసి గిన్నెలు కడుక్కుంటున్నాను. అప్పుడు గుర్తొచ్చింది మీనాక్షి ఎవరో.

చేతిలో గిన్నె సింకులో వదిలేసి ఆ నంబర్‌కే తిరిగి ఫోన్ చేశాను.

మా నిర్మలక్క.

అబిడ్స్‌లో మేం పనిచేసే డయాగ్నస్టిక్ సెంటర్‌లో రిపోర్ట్ కౌంటర్ ఆమెది, పక్కనే బిల్లింగ్ నాది. నాంపల్లిలో పుట్టి, నాంపల్లిలోనే పెరిగిన మనిషి. ఎక్కడో ఊరి చివర దవాఖానలో, తనది కాని పేరుతో పోయింది. ఎమర్జెన్సీ నంబర్ దగ్గర నాది రాయించిందట. నాకు ఒక్క మాట చెప్పలేదు.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

ఆ పేరు ఎక్కడిదో చెప్తాను.

అక్క రాకముందు మా దగ్గర రిపోర్టులు కూరగాయలు అమ్మినట్టు అరిచి ఇచ్చేవాళ్లు. పేరు, టెస్టు, రెండూ హాలంతా వినబడేలా. అక్క వచ్చిన కొత్తలోనే అది మాన్పించింది.

"గట్లెట్ల పిలుస్తరు? ఆళ్ల రోగం ఆళ్లది. హాల్ల కూసున్నోళ్లందరిదా?" అనేది.

మరీ భయపడేవాళ్లను దగ్గరికి పిలిచి, "మీకు నచ్చిన పేరు చెప్పున్రి, గదే పిలుస్త" అని కవరు మీద ఆ పేరు పెన్సిల్‌తో రాసుకునేది.

ఉస్మాన్‌గంజ్ మిర్చి వ్యాపారి ఒకాయన, ఇంత మీసం, ఏం తోచక "మీనాక్షి" అన్నాడు. సాయంత్రం అక్క "మీనాక్షి గారూ" అని పిలిస్తే ఆయన లేచాడు. హాలంతా నవ్వు. నేనైతే కౌంటర్ కింద దూరాను. అక్క మాత్రం నవ్వు మొహంలోకి రానివ్వకుండా కవరు ఆయన చేతికిచ్చి, "మీనాక్షి గారూ, డాక్టర్ సాబ్‌ను కల్వున్రి. ఫికర్ చెయ్యకున్రి" అంది.

ఆయన ఆ తర్వాత ఎప్పుడొచ్చినా మీనాక్షిగానే వచ్చాడు.

తర్వాత కొత్త డేటా చట్టం అన్నారు. లక్డీకాపూల్‌లో ఒక హోటల్లో ట్రైనింగ్, స్లైడ్లు, బిర్యానీ. మా గోడ మీద పెద్ద బోర్డు పడింది: మీ వివరాలు మా దగ్గర భద్రం. కింద ఫిర్యాదులు తీసుకునే అధికారి పేరు ఒకటి ఉండాలట. సార్లు ఎవరూ ముందుకు రాలేదు. అక్క పేరు రాసేశారు.

జీతం పెరగలేదు, పేరు మాత్రం గోడెక్కింది. మేం "ఆఫీసర్ గారూ" అని ఏడిపించేవాళ్లం. పైకి విసుక్కునేది గానీ ఆమెకు లోపల ఇష్టమే.

పోయిన ఏడాది అక్కకు ఒంట్లో బాగా లేక మా ల్యాబ్‌లోనే రక్తం ఇచ్చింది. ఇంకెక్కడిస్తుంది?

ఆ రిపోర్ట్ మా స్టాఫ్ వాట్సాప్ గ్రూప్‌లో పడింది.

పగతో కాదు. ప్రేమతో.

మాలోనే ఒకావిడ రిపోర్ట్ ఫోటో పెట్టి, "మన నిర్మల మేడం కోసం అందరూ ప్రార్థించండి" అని రాసింది. కింద వరసగా దండాల బొమ్మలు. నేను చూసి, గొడవపడి తీయించేసరికి ఆ ఫోటో నాంపల్లిలో అక్క కిరాయికుండే బిల్డింగ్ గ్రూప్‌కు చేరిపోయింది.

మెట్ల మీద ఎదురొచ్చేవాళ్లు పక్కకు జరగడం మొదలుపెట్టారు. ఇంటి ఓనరమ్మ నల్లా దగ్గర అక్క బిందెను దూరంగా పెట్టించింది. సెంటర్‌లో "కొన్నాళ్లు రెస్ట్ తీసుకో నిర్మలా" అన్నారు. ఎన్నాళ్లో చెప్పలేదు.

కంప్లయింట్ ఇద్దాం అక్కా, వదిలిపెట్టొద్దు అన్నాను.

"ఎవలికిస్తవ్ పద్మా? బోర్డు సదువు. నాకే ఇయ్యాలె" అని నవ్వింది.

ఆ నవ్వు నిన్నటి నుంచి నా చెవుల్లోంచి పోవట్లేదు.

ఆ తర్వాత అక్క ఏ దవాఖాన మెట్టూ ఎక్కలేదు. నేనూ వాళ్లమ్మా బతిమాలాం, తిట్టాం. "కాయితం ఎట్ల తిరుగుతదో నాకు ఎరుకే కదనే. ఇంకోపారి నాతోని కాదు" అనేది. చివరికి ఓపిక పూర్తిగా పోయాక, చుట్టాలింటికి పోతున్నానని అమ్మకు చెప్పి, ఆటో మాట్లాడుకుని, తనను ఎవరూ ఎరగని చోటికి మీనాక్షిగా వెళ్లింది.

మందులున్న జబ్బేనని డాక్టర్ నిన్న చెప్పాడు. ముందే వచ్చి ఉంటే బతికేదట.

నాకు ఏడుపు కన్నా కోపం ఎక్కువ వస్తోంది.

నిన్న మధ్యాహ్నం దాకా బాడీ ఇవ్వలేదు. ఆధార్‌లో నిర్మల, వాళ్ల కాగితాల్లో మీనాక్షి. రూల్ రూలే అన్నారు. వాళ్లమ్మ ఆ కౌంటర్ దగ్గర నిలబడి, "పేరు ఏదైతేంది అయ్యా, మొఖం సూడున్రి. నా బిడ్డ కాదా?" అని కనబడిన ప్రతి ఒక్కరినీ అడిగింది. రిపోర్ట్ బయటికి పోయిన రోజు మాత్రం ఏ రూలూ అడ్డం రాలేదు.

సాయంత్రానికి అంతా అయిపోయింది.

అప్పటి నుంచి ఇన్‌బాక్స్‌లో అందరిదీ ఒకటే ప్రశ్న.

"అయ్యో, ఏమైందట?"

ఇది రాసే ముందు వాళ్లమ్మను అడిగాను. గ్రూప్ సంగతి, మీనాక్షి సంగతి రాయొచ్చా అమ్మా అని.

"అన్ని రాయి బిడ్డా. దాని పేరు గూడ రాయి. రోగం పేరు రాయకు."

రాయను. కాబట్టి అడగకండి. ఈ పోస్ట్ చూసి నా ఉద్యోగం తీసేస్తే తీసేయండి, అదీ చూద్దాం.

ఇవాళ పొద్దున సెంటర్‌కు వెళ్లాను. బోర్డు అలాగే ఉంది.

ఫిర్యాదులకు సంప్రదించవలసిన అధికారి: నిర్మల.

అక్కా, ఇక నీ పేరు ఎవరూ గట్టిగా పిలవరు.

నిమ్మళంగా పడుకో.